రిటైరయ్యాక వారం లెక్క

రిటైరైన కొత్తలో దాదాపు అందరూ చేసే పని ఒకటుంది. ఒక తెల్లకాగితం తీసుకుని పొద్దున ఐదుకు లేవడం, ఐదున్నరకు వాకింగ్, ఏడుకు పేపరు, ఎనిమిదికి పూజ, పదికి పుస్తకం అంటూ రాత్రి తొమ్మిదిన్నర దాకా గంటగంటకీ టైంటేబుల్ రాసేస్తారు. రెండు మూడు వారాలు బాగానే నడుస్తుంది. తర్వాత ఒకరోజు చుట్టాలొస్తారు, ఒకరోజు మోకాలు పట్టేస్తుంది, ఒకరోజు గ్యాస్ స్టవ్ బాగుచేసే అబ్బాయి కోసం పూటంతా ఇంట్లోనే కూర్చోవాల్సి వస్తుంది. ఇక ఆ కాగితం ఎక్కడ పెట్టారో కూడా గుర్తుండదు. అప్పుడు "నాకు క్రమశిక్షణ లేదు" అని తమను తామే నిందించుకుంటారు. ముప్పై ఏళ్లకు పైగా టైముకు డ్యూటీకి వెళ్లిన మనిషికి క్రమశిక్షణ లేకపోవడమేమిటి? లోపం మనిషిలో లేదు, పెట్టుకున్న కొలతలో ఉంది. రిటైరైన జీవితాన్ని రోజుల్లో కొలిస్తే నిలవదు, వారాల్లో కొలవాలి. అది ఎందుకో, ఎలాగో కాస్త వివరంగా చెప్తాను.

తిరుపతిలో ఇది మాట్లాడుకోవాల్సిన విషయం. ఏ వీధిలో చూసినా రిటైరైనవాళ్లే. టీటీడీలో చేసినవాళ్లు, ఎస్వీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పినవాళ్లు, రుయా, స్విమ్స్ ఆసుపత్రుల్లో, రైల్వేలో, బ్యాంకుల్లో, స్కూళ్లలో పనిచేసినవాళ్లు. వీళ్లుకాక చిత్తూరు, పీలేరు, మదనపల్లి వైపు ఉద్యోగాలు చేసి, చివరికి స్వామి పాదాల దగ్గర ఉందామని ఇక్కడికొచ్చి ఫ్లాటు కొనుక్కున్నవాళ్లు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల రిటైర్మెంట్ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022 జనవరి నుంచి 62కి పెరిగింది. 62లో దిగిన మనిషికి ఆరోగ్యం సహకరిస్తే ఇంకో ఇరవై ఏళ్లుంటాయి. ఇరవై ఏళ్లంటే వెయ్యికి పైగా వారాలు. ఇంత కాలాన్ని "ఏదో అలా గడిచిపోతుందిలే" అని వదిలేయడం నాకు బాధగా అనిపిస్తుంది, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఉద్యోగం మనకు ఏమిచ్చిందో చూడాలి. జీతం అంటాం. జీతం స్థానంలో పెన్షన్ వస్తోంది కదా, మరి ఇంకేం లోటు? ఈ ప్రశ్నకు దొరికిన మంచి జవాబుల్లో ఒకటి ఆస్ట్రియాలోని మారియెంతాల్ అనే చిన్న ఊరు నుంచి వచ్చింది. ఆ ఊరంతా ఒక బట్టల మిల్లు మీద బతికేది. 1930 ప్రాంతంలో మిల్లు మూతపడి దాదాపు ఊరు మొత్తం పని లేకుండా మిగిలింది. మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే ముగ్గురు పరిశోధకులు అక్కడి జనం రోజులు ఎలా గడుస్తున్నాయో దగ్గరుండి గమనించి 1933లో ప్రచురించారు. ఖాళీ దొరికింది కాబట్టి జనం బాగా చదువుకుంటారు, సభలకు వెళ్తారు అని ఎవరైనా అనుకుంటారు. జరిగింది తిరగబడింది. లైబ్రరీలో పుస్తకాలు తీసుకెళ్లడమే తగ్గిపోయింది. మగవాళ్లు వీధిలో నడిచే వేగం తగ్గింది, నాలుగడుగులు వేసి ఆగిపోవడం ఎక్కువైంది, చాలామంది చేతికి వాచీ పెట్టుకోవడం మానేశారు. పొద్దుటి నుంచి ఏం చేశారో రాయమంటే లేవడం, భోజనం, పడుకోవడం తప్ప మధ్యలో ఏం జరిగిందో చెప్పలేకపోయారు.

అదే ఊళ్లో ఆడవాళ్లు మాత్రం వేగంగానే నడుస్తున్నారు. మిల్లు పోయినా వాళ్లకు వంట, బట్టలు, పిల్లలు పోలేదు కదా. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత మన ఇంటి సంగతికి వచ్చినప్పుడు మళ్లీ అవసరమవుతుంది.

పెన్షన్ వస్తున్నవాళ్లకూ, ఉద్యోగం ఊడిన మిల్లు కార్మికులకూ పోలిక పూర్తిగా కుదరదు, వాళ్లది ఆకలి కష్టం. అయినా యహోడా తర్వాతి రోజుల్లో తేల్చిన విషయం మనకు సూటిగా పనికొస్తుంది. జీతం కాకుండా ఉద్యోగం అడగకుండానే ఐదు ఇస్తుందంటారు ఆవిడ: రోజుకొక ఆకారం, ఇంటివాళ్లు కాని మనుషులతో పరిచయం, నలుగురితో కలిసి చేసే పనిలో భాగం, సమాజంలో ఒక హోదా, ఒంటికీ బుర్రకూ కదలిక. రిటైరైన మర్నాడు ఈ ఐదూ ఒక్కసారే ఆగిపోతాయి. సన్మానం రోజున శాలువా కప్పి, దండ వేసి, గ్రూపు ఫోటో దిగి ఇంటి దాకా కారులో దింపుతారు గానీ, రేపటి నుంచి ఈ ఐదూ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో ఎవరూ చెప్పరు. గంటల టైంటేబుల్ వీటిలో మొదటిదాన్ని మాత్రమే పూడ్చడానికి ప్రయత్నిస్తుంది, మిగతా నాలుగింటి జోలికే పోదు. అందుకే విరిగిపోతుంది.

మరి వారమే ఎందుకు? జవాబు మన కొండమీదే ఉంది. శ్రీవారి ఆలయంలో సేవలన్నీ ఒకే వరసలో ఉండవు. సుప్రభాతం, తోమాల, అర్చన, రాత్రి ఏకాంత సేవ లాంటివి నిత్యసేవలు. మంగళవారం అష్టదళ పాదపద్మారాధన, గురువారం తిరుప్పావడ, శుక్రవారం అభిషేకం వారసేవలు. బ్రహ్మోత్సవాల్లాంటివి ఏడాదికోసారి వచ్చేవి. రోజూ జరిగేవి మారవు, అవే ఆధారం. కానీ శుక్రవారాన్ని శుక్రవారంగా నిలబెట్టేది అభిషేకమే. రిటైరైన మనిషి జీవితం కూడా సరిగ్గా ఇలా అమరాలి. రోజూ చేసేవి కొన్నే, కదలకుండా. వారానికోసారి వచ్చేవి మరికొన్ని, ఎదురుచూసేలా. అన్నిటినీ నిత్యసేవలు చేయబోతే ఒంటికి సాగదు, వారసేవలు అసలే లేకపోతే "ఇవాళ ఏ వారం?" అని ఇంట్లోవాళ్లను అడగాల్సి వస్తుంది. ఈ ప్రశ్న మొదట్లో నవ్వుతూ అడుగుతారు, ఏడాది తర్వాత నిజంగానే తెలియక అడుగుతారు.

ఇంకో కారణం శరీరానిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు చూడండి. 65 దాటినవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం, కనీసం మూడు రోజులు తూకం తప్పి పడిపోకుండా కాపాడే వ్యాయామం ఉండాలని చెప్పింది. లెక్కంతా వారానికే. సోమవారం వాన పడి నడవలేకపోతే మంగళ, బుధవారాల్లో సర్దుకోవచ్చు. రోజు లెక్క పెట్టుకున్నవాడికి సోమవారం తప్పిపోయినట్టే, రెండు రోజులు వరసగా తప్పితే ఇక మానేస్తాడు. వారం లెక్కలో సర్దుబాటుకు చోటుంది, వయసు పెరిగేకొద్దీ ఆ చోటు అవసరం పెరుగుతుంది కూడా.

ఇక నిత్యం ఏముండాలి? నా అభిప్రాయంలో మూడే. లేచే సమయం, పొద్దున ఎండలో కాసేపు కదలడం, రాత్రి భోజనం వేళ. ఇంతకంటే పెట్టుకోకండి. లేచే సమయం ఎందుకంటే, నిద్ర సరిగ్గా రావాలంటే పడుకునే టైముకన్నా లేచే టైము స్థిరంగా ఉండటం ముఖ్యం. పొద్దుటి వెలుతురు కంట్లో పడితే శరీరంలోని గడియారం సర్దుకుంటుంది. రిటైరైనవాళ్లలో చాలామందికి నిద్ర చెడేది మధ్యాహ్నం వల్ల. భోంచేసి రెండింటికి ఒరిగి నాలుగున్నరకు లేస్తారు, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి ఫోన్ చూస్తూ పడుకుంటారు, తెల్లారి "నాకు నిద్రే పట్టదు సార్" అని డాక్టరు దగ్గర మాత్ర అడుగుతారు. మధ్యాహ్నం కునుకు అరగంట లోపల, అదీ మూడింటి లోపల ముగిస్తే చాలామందికి మాత్ర అవసరమే రాదు. రాత్రి భోజనం పెందలాడే అయితే షుగరు ఉన్నవాళ్లకు తేలిక, తిన్నాక వరండాలోనో మిద్దెమీదో పది నిమిషాలు నడిచినా షుగరు అంత ఎగబాకదు.

నడకకు మన ఊళ్లో చోటు కొరత లేదు. యూనివర్సిటీ రోడ్లు, ప్రకాశం పార్కు, కపిలతీర్థం వైపు, అలిపిరి పాదాల దాకా. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడాలంటే మాత్రం ఆయాసం రావాలి. ఓ మోస్తరు శ్రమకు గుర్తు అదే. అయితే నడకొక్కటే చాలనుకోవడం మనవాళ్లలో బాగా పాతుకుపోయిన పొరపాటు. అరవై దాటాక కాళ్లలో, తొడల్లో కండ కరిగిపోతూ ఉంటుంది, దాన్ని నడక ఆపలేదు. దానికి జిమ్ముకే పోనక్కర్లేదు. చేతుల్లేని గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించి పెట్టండి. కుర్చీ అంచున కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, రెండు చేతులూ ఛాతీ మీద పెట్టుకుని, దేన్నీ పట్టుకోకుండా లేచి నిలబడండి, మళ్లీ నెమ్మదిగా కూర్చోండి, ధబాలున పడకుండా. ఇలా పదిసార్లు. మొదటిరోజు ఆరోసారికే తొడలు వణుకుతాయి, చేతులు వాటంతట అవే మోకాళ్ల మీదికి వెళ్లిపోతాయి, అంటే ఎంత బలం పోయిందో కంటికి కనిపిస్తుంది. వారానికి రెండు రోజులు ఇది చేస్తూ పోతే బస్సు మెట్టు ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. తూకం కోసం వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, గోడ పక్కన మడమకు వేళ్లు ఆనిస్తూ గీత మీద నడిచినట్టు నడవడం, ఇవి వారంలో మూడు రోజులు. పాలు కాగేలోపు అయిపోతాయి.

నెలకోసారి కొండెక్కుతున్నాం కదా, ఇవన్నీ ఎందుకు అనేవాళ్లు కనిపిస్తుంటారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఆ భక్తికి నమస్కారం. కానీ నెలంతా కూర్చుని ఒక్కరోజు అన్ని మెట్లెక్కితే మోకాళ్లకూ గుండెకూ అది శిక్షే, వ్యాయామం కాదు. వారం వారం సాధన ఉన్నవాళ్లు ఎక్కండి, బీపీ, గుండె ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టరును అడిగి ఎక్కండి, దిగేటప్పుడు బస్సెక్కండి. మోకాళ్లకు ఎక్కడంకన్నా దిగడమే ఎక్కువ భారం. ఆర్టీసీలో 60 దాటినవాళ్లకు టికెట్ మీద 25 శాతం రాయితీ ఉంది, ఆధార్ కార్డు జేబులో ఉంచుకుంటే చాలు.

ఒంటి సంగతి ఇంతటితో వదిలేస్తాను, దీని గురించి చెప్పేవాళ్లు ఎక్కువే. ఎవరూ సరిగ్గా చెప్పనిది వారసేవల సంగతి.

వారంలో కనీసం మూడు పనులు ఎలాంటివి ఉండాలంటే, మీరు రాకపోతే "ఏమైంది, ఇవాళ రాలేదే" అని ఇంకొకరు ఫోన్ చేసేవి. ఇదొక్కటే నా షరతు. ఈ షరతు పెట్టి చూస్తే మనం గొప్ప కాలక్షేపం అనుకునేవి చాలా రాలిపోతాయి. టీవీ రాలిపోతుంది. వాట్సాప్‌లో గుడ్ మార్నింగులు రాలిపోతాయి, ఒకరోజు పంపకపోతే ఎవరూ గమనించరు. చెప్పడానికి కాస్త జంకుగా ఉన్నా చెప్తాను, ఒంటరిగా రోజూ గోవిందరాజస్వామి గుడికి వెళ్లి ప్రదక్షిణ చేసి వచ్చేయడం కూడా ఈ లెక్కలో రాదు. అది మనసుకు మంచిది, మానమని అనను. కానీ అంత జనంలో మీరొక్కరే ఉంటే అది తోడు కాదు. అదే గుళ్లో శనివారం సాయంత్రం పదిమంది కూడి విష్ణు సహస్రనామం చదివే బృందంలో చేరండి, అప్పుడది వారసేవ అవుతుంది. మీ చాప ఖాళీగా ఉంటే వాళ్లకు తెలుస్తుంది.

ఇలాంటివి మన ఊళ్లో వెతికితే ఎన్నో దొరుకుతాయి. లెక్కలు చెప్పిన టీచరుంటే వీధిలోని పదో తరగతి పిల్లలకు మంగళ, శుక్రవారాలు సాయంత్రం గంటసేపు. బ్యాంకులో చేసినవాళ్లయితే అపార్ట్‌మెంటులో పెద్దవాళ్లకు ఫారాలు నింపిపెట్టడం, వారానికి ఒక పూట, ఫలానా టైములో కింద వాచ్‌మన్ గది దగ్గర దొరుకుతామని చెప్పి కూర్చోవడం. రుయాకో స్విమ్స్‌కో పల్లెల నుంచి వచ్చే మనుషులు ఓపీ చీటీ చేతిలో పట్టుకుని ఏ గదికి వెళ్లాలో తెలియక తిరుగుతుంటారు. చదువొచ్చి, ఓపిక ఉన్న మనిషి పక్కన నిలబడి దారి చూపిస్తే వాళ్లకది ఎంత పెద్ద సాయమో ఒక్కసారి చూస్తే అర్థమవుతుంది. ఆసుపత్రివాళ్ల అనుమతి తీసుకుని వారానికి ఒక ఉదయం ఈ పని చేయొచ్చు. యహోడా చెప్పిన ఐదింటిలో మనుషుల పరిచయం, కలిసి చేసే పని, హోదా, కదలిక, నాలుగూ ఒక్క ఉదయంలో తిరిగి వస్తాయి. ఇక సాయంత్రాలకు అన్నమాచార్య కళామందిరం, మహతి ఆడిటోరియం ఉన్నాయి, కచేరీలుంటాయి. ఒంటరిగా వెళ్తే ఒకటి రెండుసార్లు వెళ్లి మానేస్తారు, "గురువారం ఐదింటికి మీ ఇంటి దగ్గరికొస్తా, కలిసి వెళ్దాం" అని ఒక స్నేహితుడితో కట్టుబడితే నిలుస్తుంది.

మనుషుల మీద ఇంత పట్టు ఎందుకంటే ఆరోగ్య శాస్త్రం కూడా అదే చెప్తోంది. హార్వర్డ్ యూనివర్సిటీవాళ్లు 1938లో మొదలుపెట్టి దశాబ్దాలుగా కొందరు మనుషుల జీవితాలను వెంబడించి చూస్తున్నారు. ముసలితనంలో ఆరోగ్యంగా, సంతోషంగా ఉన్నది మనుషులతో మంచి సంబంధాలు నిలుపుకున్నవాళ్లే అని వాళ్లకు మళ్లీ మళ్లీ తేలింది. మతిమరుపు జబ్బు మీద లాన్సెట్ కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక, మన చేతిలో ఉన్న 14 కారణాలను లెక్కగట్టింది. అందులో ఒంటరితనం, కదలకపోవడం ఉన్నాయి, వినికిడి తగ్గడం కూడా ఉంది. ఈ చివరిది మనవాళ్లు అస్సలు పట్టించుకోరు. చెవి సరిగ్గా వినపడక, నలుగురిలో "ఆఁ? ఏమన్నారు?" అని పదేపదే అడగడానికి సిగ్గుపడి, మెల్లగా కూటమికి రావడమే మానేసినవాళ్లు ఎంతమందో. మీ స్నేహితుల్లో ఎవరైనా ఈమధ్య ముభావంగా ఉంటున్నారంటే, మనసు బాగాలేదనుకునే ముందు చెవి చూపించారా అని అడగండి.

ఇప్పుడు ఇంటి విషయం. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువ ఇళ్లలో గొడవ మొదలయ్యేది ఇక్కడే.

ఆయన రిటైరైతే ఆవిడ రిటైర్ అవరు. మారియెంతాల్ ఆడవాళ్ల సంగతి ఇందుకే గుర్తుపెట్టుకోమన్నాను. ఆవిడకు ముప్పై ఏళ్లుగా ఒక వారం ఉంది. ఆయన పొద్దున తొమ్మిదిన్నరకు వెళ్లిపోయాక ఇల్లు ఆవిడది. పదింటికి పనమ్మాయి, పదకొండుకు అక్కతో ఫోను, మధ్యాహ్నం సీరియల్, శుక్రవారం తిరుచానూరు అమ్మవారి దర్శనం, పౌర్ణమికి పక్కింటావిడతో సత్యనారాయణ వ్రతం. ఆ వారంలో ఆయనకు చోటే లేదు, ఉండాల్సిన అవసరం కూడా రాలేదు. ఇప్పుడు ఆయన రోజంతా ఇంట్లో ఉంటారు. పదింటికి వంటింటి గడప దగ్గర నిలబడి "ఇంకో కాఫీ ఉందా?" అంటారు. పదకొండుకు ఫ్రిజ్ తెరిచి "ఈ కొత్తిమీర ఎప్పటిది?" అంటారు. పన్నెండుకు పప్పులో పోపు అలా కాదు ఇలా వెయ్యాలంటారు, ముప్పై ఏళ్లు ఆ పప్పే తిని ఆఫీసుకు పోయిన మనిషి. ఆయన ఉద్దేశం మంచిదే, పొద్దుపోక పలకరిస్తున్నారు. ఆవిడకు మాత్రం తన ఆఫీసులోకి కొత్త ఆఫీసరు దిగినట్టు ఉంటుంది. నాలుగు రోజులు ఓర్చుకుని ఐదోరోజు "మీరు కాసేపు అలా బయటికి పోయి రండి" అంటారు. ఆ మాటకు ఆయనకు చాలా నొప్పి కలుగుతుంది. ఉద్యోగం పోయాక ఇంట్లో విలువ కూడా పోయిందనుకుంటారు. ఇద్దరిదీ న్యాయమే.

దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. వారం ప్రణాళిక ఆయనొక్కరే రాసుకోకూడదు. ఇద్దరూ కూర్చుని ముందు ఆవిడ వారాన్ని కాగితం మీద పెట్టాలి, ఎందుకంటే నడుస్తున్న వారం అదే. దాని చుట్టూ ఆయన వారం రావాలి. తర్వాత వంటపనిలో ఆయన వాటా తేలాలి, "సాయం చేస్తాను" అనే రకం కాదు, పూర్తిగా తన బాధ్యతగా. ఉదాహరణకు బుధవారం, ఆదివారం రాత్రి టిఫిన్ ఆయనది, సరుకులతో సహా. మొదట్లో ఉప్మా అడుగంటుతుంది, అంటనివ్వండి. లేదా రైతుబజారు పూర్తిగా ఆయనది, ఏ కూర తేవాలో కూడా ఆయనే నిర్ణయించుకోవాలి, తెచ్చాక వంకలు పెట్టకూడదు. ఇంకా ముఖ్యమైనది, ఆవిడకు వారంలో ఒక పూర్తి పూట సెలవు ఉండాలి, ఆ పూట ఇంట్లో ఎవరికీ ఆవిడ జవాబుదారీ కాదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి ఛార్జీల గురించి కూడా ఆలోచించకుండా చెల్లెలింటికో, చంద్రగిరికో, శ్రీనివాస మంగాపురానికో వెళ్లి రావచ్చు. ఉద్యోగం చేసి రిటైరైన ఆడవాళ్ల పరిస్థితి మరీ కష్టం, ఆఫీసు పోయాక "ఇప్పుడు ఖాళీయే కదా" అని ఇంటి చాకిరీ మొత్తం వాళ్ల మీదే పడుతుంది. అలాంటి ఇంట్లో పని మనిషిని రిటైర్మెంట్ రోజున మాన్పించడం అన్యాయం, నిర్మొహమాటంగా చెప్తున్నాను.

మనవలను చూసుకోవడం ఇంకో చిక్కు. పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు, దగ్గరే కాబట్టి పిలుపు వస్తుంటుంది. వెళ్లడం సంతోషమే. వెళ్లి నెలల తరబడి ఉండిపోతే ఇక్కడ కట్టుకున్న వారం మొత్తం కూలిపోతుంది, తిరిగొచ్చేసరికి పారాయణ బృందంలో మీ స్థానంలో ఇంకొకరు కుదురుకుంటారు. ఎన్నాళ్లు ఉంటారో వెళ్లేముందే పిల్లలతో తేల్చుకోండి. అమెరికాలో ఉన్న పిల్లలతో ఫోను కూడా వారానికి ఒక స్థిరమైన టైముకు పెట్టుకుంటే ఇద్దరికీ మేలు, రోజంతా ఫోను వైపు చూస్తూ కూర్చోవడం తప్పుతుంది.

డబ్బు పనులకు వారంలో ఒకే రోజు కేటాయించండి. బ్యాంకు, కరెంటు బిల్లు, మెడికల్ బిల్లులు, అన్నీ ఆ రోజే, ఉదాహరణకు మంగళవారం ఉదయం. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో వేసుకున్నవాళ్లకు వడ్డీ ఏప్రిల్, జులై, అక్టోబర్, జనవరి ఒకటో తేదీల్లో పడుతుంది, కేంద్ర పెన్షనర్లు నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, 80 దాటినవాళ్లు అక్టోబర్ నుంచే ఇవ్వొచ్చు. ఇలాంటి తేదీలన్నీ క్యాలెండర్‌లో ముందే గుర్తు పెట్టుకోవచ్చు. ఒకే రోజు పెట్టుకోవడంలో అసలు లాభం వేరే ఉంది. ఈ మధ్య పెద్దవాళ్లకు పోలీసులమని, కస్టమ్స్ అని, బ్యాంకు అని ఫోన్లు చేసి, "డిజిటల్ అరెస్ట్" అని బెదిరించి లక్షలు కాజేస్తున్నారు. వాళ్ల బలమంతా తొందర పెట్టడంలోనే ఉంది. "డబ్బు విషయం ఏదైనా నేను మంగళవారమే చూస్తాను" అనే నియమం ఇంట్లో గట్టిగా ఉంటే ఆ తొందరకు తలుపు మూసుకుంటుంది. ఒకవేళ మోసపోయినట్టు అనుమానం వస్తే మాత్రం మంగళవారం దాకా ఆగకూడదు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మందుల విషయమూ అంతే. వారం మందులు పెట్టుకునే ఏడు గళ్ల డబ్బా మెడికల్ షాపులో దొరుకుతుంది. ఆదివారం సాయంత్రం నింపుకోండి, ఏ మాత్ర అయిపోవస్తోందో అప్పుడే తెలుస్తుంది, రాత్రిపూట పరుగెత్తే పనుండదు.

ఈ వారం ఎక్కడ రాయాలి? ఫోన్‌లో వద్దు. గోడ మీద టీటీడీ క్యాలెండర్ ఉంటుంది కదా, ఏకాదశి, పౌర్ణమి అన్నీ అందులో ఉన్నాయి, అందులోనే పెన్సిల్‌తో రాయండి. పెన్సిల్ ఎందుకంటే చెరపడానికి. తేదీ గడిలో చిన్న అక్షరాల్లో "సా 5, మాస్టారి ఇల్లు" అని ఉంటే చాలు. ఆ గళ్లు నిండుతుంటే సంతోషంగా ఉంటుంది, అక్కడే ఒక ప్రమాదమూ ఉంది. ఆఫీసులో బిజీగా ఉండటమే గొప్ప అని అలవాటైన మనం రిటైరయ్యాక కూడా ఏడు రోజులూ నింపేస్తాం. వారంలో ఒకటిన్నర రోజు పూర్తిగా ఖాళీగా వదలాలి. ఆ ఖాళీలోనే అనుకోకుండా పాత కొలీగ్ ఇంటికొస్తాడు, మొక్కలకు మట్టి మారుస్తారు, ఏమీ చేయకుండా మిద్దెమీద కూర్చుని శేషాచలం కొండల వైపు చూస్తారు. ఇది కూడా సమతుల్యంలో భాగమే. ఒళ్లు, మనుషులు, ఒకరికి పనికొచ్చే పని, తనకంటూ కాస్త నిశ్శబ్దం, ఈ నాలుగూ వారంలో కనిపించాలి. రోజుకు నాలుగూ కనిపించాలని పట్టుబడితే మళ్లీ మొదటికే వస్తుంది.

కాలం మారితే వారం కూడా మారాలి. ధనుర్మాసంలో స్వామివారికే సుప్రభాతం బదులు తిరుప్పావై చదువుతారు. మన ఊరి ఎండలు ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటుతాయి, అప్పుడు ఏడింటికి వాకింగ్ బయల్దేరడం మొండితనం. ఐదున్నరకే వెళ్లి ఆరున్నరకు ఇల్లు చేరాలి, మధ్యాహ్నం బ్యాంకు పనులు మానుకోవాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, 2021 నవంబర్‌లో ఊరు ఎలా మునిగిందో అందరం చూశాం, ఆ నెలల్లో నడక బదులు ఇంట్లో చేసే వ్యాయామం సిద్ధంగా ఉండాలి. గంగజాతర వారంలో, బ్రహ్మోత్సవాల రోజుల్లో ఎవరి టైంటేబుల్ నిలవదు, నిలవనక్కర్లేదు కూడా.

ఒంటరిగా ఉన్నవాళ్ల గురించి ఒక మాట. భార్యో భర్తో పోయినవాళ్లకు ఆదివారం మధ్యాహ్నం, పండగ మర్నాడు బాగా బరువుగా ఉంటాయి. వారసేవల్లో కనీసం ఒకటి సరిగ్గా ఆదివారం మధ్యాహ్నానికే పెట్టుకోండి, ఎవరింట్లోనైనా కలిసి భోజనం చేసేది. మాట్లాడే దిక్కే లేదనిపిస్తే పెద్దవాళ్ల కోసం 14567 అనే ఎల్డర్‌లైన్ ఉంది, ఉచితం, ఆ ఫోన్ చేయడంలో చిన్నతనమేమీ లేదు.

ఎప్పుడు మొదలుపెట్టాలనేది చివరి ప్రశ్న. రిటైర్మెంట్ మీద పరిశోధన చేసిన రాబర్ట్ ఆచ్లీ 1970ల్లోనే చెప్పింది, మొదట కొన్నాళ్లు సెలవులొచ్చినంత హుషారుగా ఉంటుంది, తర్వాత ఒక నిరుత్సాహం వస్తుంది, ఆ తర్వాతే మనిషి కొత్త దారిలో కుదురుకుంటాడు అని. అందరికీ ఇదే వరసలో రావాలని లేదు. కానీ ఆరేడు నెలలకు ఏదీ తోచకుండా, చిన్న మాటకు కళ్లనీళ్లు వస్తున్నాయంటే మీకేదో అయిపోయిందని టెన్షన్ పడకండి, చాలామందికి వచ్చే దశ అది. రెండు మూడు వారాలైనా తగ్గకుండా నిద్ర, ఆకలి కూడా పోతే అప్పుడు డాక్టరుకు చూపించుకోవాలి. హుషారుగా ఉన్న మొదటి నెలల్లో యాత్రలకు వెళ్లండి, మనసారా తిరగండి. అప్పుడే ఒక్క వారసేవ మాత్రం కట్టేసుకోండి, ఒకటే చాలు. అది రెండు నెలలు నిలిచాక రెండోది. మూడు కుదరడానికి ఆరు నెలలైనా పడుతుంది, పట్టనివ్వండి. ఆదివారం సాయంత్రం మందుల డబ్బా నింపేటప్పుడే ఇద్దరూ క్యాలెండర్ ముందు పది నిమిషాలు కూర్చోండి, పోయిన వారంలో ఏది భారంగా అనిపించిందో అది చెరిపేయండి, ఎవరిని చూసి చాలా రోజులైందో వాళ్ల పేరు ఒక గడిలో రాయండి, వాళ్లకు అప్పుడే ఫోన్ చేసి వస్తున్నామని చెప్పేయండి.